చీటీ నాది, మాట పడింది ఆమె

హనుమకొండ నుంచి ఒక పెద్దావిడ రాసిన ఉత్తరం ఇది. వయసు ఎనభై ఏడు. టీచరుగా చేరి హెడ్మాస్టరమ్మగా రిటైరయ్యారు. రూళ్ల కాయితాల మీద పద్దెనిమిది పేజీలు రాశారు, ఎక్కడా అక్షరం వణకలేదు. అంతా వేసే చోటు లేదు గనక సంగతి నా మాటల్లో చెబుతూ, వదలబుద్ధి కాని చోట ఆమె మాటలే ఉంచుతున్నాను.

ఆమె, ఆమె స్నేహితురాలు మూడో తరగతి నుంచి ఒకే బల్ల. మొదట్లో చదువంతా ఉర్దూ. 1948లో నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగేనాటికి ఇద్దరికీ పదేళ్లు. ఆ తర్వాత బళ్లో భాష మారింది. "జమా, తఫ్రీక్, జరబ్, తక్సీమ్ అని నేర్చుకున్నయే కూడికలు, తీసివేతలు అయినయి. ఇప్పటికీ పాలోళ్ల లెక్క మనసుల ఉర్దూలనే చేస్త." 1954లో ఇద్దరూ ఇంటర్‌లో చేరారు. కాలేజీ పేరు ఆమె రాశారు, నేను తీసేశాను. క్లాసు మొత్తానికి ఆడపిల్లలు ఆరుగురు. వాళ్లకొక వెయిటింగ్ రూం. లెక్చరర్ ఆ గది ముందు ఆగితే ఆయన వెనక వరసగా నడిచి ముందు బెంచీలో కూర్చోవాలి, గంట కొట్టగానే మళ్లీ ఆయన వెనకే బయటికి. "రెండేండ్లల్ల మా క్లాసు మొగపిల్లల మొకాలు సక్కగ చూసింది లేదు. వీపు మీద పడే చూపులే ఎరుక."

ఫీజు కట్టే రోజున తండ్రి ఇంకా పాత అలవాటు కొద్దీ ఏడు హాలీలకు (నిజాం రూపాయలకు) ఆరు కల్దార్లని (ఇండియా రూపాయలని) నోట్లో లెక్కలు వేసుకునేవారట. అన్న ఊళ్లో లైబ్రరీ అయిన రాజరాజ నరేంద్ర భాషానిలయం నుంచి నవలలు తెచ్చి తలగడ కింద పెడితే, తండ్రి నిద్రపోయాక ఈమె వడ్ల గదిలో కందిలి పెట్టుకుని చదివేవారు.

1956 జనవరి, ఇంటర్ రెండో ఏడు. లైబ్రరీలో ఒక కార్డుకు ఒక పుస్తకమే. తన కార్డు మీద అప్పటికే ఒకటి ఉంది గనక స్నేహితురాలి కార్డు మీద ఇంకోటి తెచ్చుకున్నారు. ఎర్ర క్యాలికో అట్ట. తిరిగి ఇచ్చినప్పుడు అటెండరు పేజీలు దులిపితే చీటీ పడింది. ఉర్దూలో రెండు లైన్లు. పైన పేరు లేదు, కింద సంతకం లేదు. ఆ చేతిరాత ఈమెకు తెలుసు. నెల కిందట అదే రాతతో ఒక చీటీ తన నోటుబుక్కులో దొరికితే చింపి బావిలో వేశారు. కానీ రిజిస్టర్లో ఉన్న పేరు స్నేహితురాలిది. పిలిచి అడిగారు. "గుమ్మం కాడ నిలబడ్డ నన్ను ఒక్కసారి చూసింది. నేను నేల చూసిన. అది ఏం చెప్పలే. రాసినోడు ఎవరని ఎవ్వరు అడగను గూడ అడగలే. వారం తిరగకముందే వాళ్ల బాపు కచ్చురం (ఎడ్లబండి) కట్టుకొని వచ్చిండు. మాఘమాసంల లగ్గం. జగిత్యాల దిక్కు ఇచ్చిండ్రు."

ఈమె ఇంటర్ పాసై హైదరాబాద్ వెళ్లి కోఠీ ఉమెన్స్ కాలేజీలో బి.ఏ. చేశారు. తమ ఇంటిపేరున్న వాళ్లందరిలో మొదటి గ్రాడ్యుయేటు. ఇప్పుడు ఆ రెండు కాలేజీల రోజులన్నీ ఆరు నోటుబుక్కుల్లో రాశారు. మనుమరాలు కంప్యూటర్లో ఎక్కించింది. ఎనభై ఎనిమిదో పుట్టినరోజుకు రెండు వందల కాపీలు అచ్చు వేయిస్తానని కొడుకు ముందుకొచ్చాడు. చీటీ సంగతి చదివాక మాత్రం "ఇదొక్కటి తీసేద్దామమ్మా, ఇప్పుడెందుకు?" అన్నాడు. మనుమరాలేమో "అదే కదా నానమ్మా అసలు కథ" అంటోంది. స్నేహితురాలు జగిత్యాలలోనే ఉన్నారు. భర్త పోయారు, కొడుకు దగ్గర ఉంటున్నారు, చెవులు సరిగ్గా వినపడవట. ఇన్నేళ్లలో ఇద్దరూ కలిసింది ఒక్కసారే, 1980లలో కరీంనగర్‌లో ఒక పెళ్లిలో. స్నేహితురాలు ఈమె చెయ్యి పట్టుకుని "టీచరమ్మవైనవటగదా" అన్నారు. అంతలో బస్సు వేళయింది.

ఉత్తరం చివరి మాటలు ఇవి: "ఆ పేజీ తీస్తె మిగిలిన పుస్తకం అబద్ధమైతది. ఉంచితె దాన్ని రెండోసారి కాలేజీల నుంచి ఎల్లగొట్టినట్టైతది. ఏం జెయ్యాలె?"

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చీటీ కోసం, రెండోసారి మిగతా పేజీల కోసం. కోఠీ కాలేజీ పేజీలు చదువుతుంటే నాకు అసూయ కలిగింది, దాచుకోను. కాలేజీగా మారిన పాత బ్రిటిషు రెసిడెన్సీ మెట్ల పక్కనున్న సింహం వీపు మీద చెయ్యేసి ఫోటో దిగడం, తెల్లదొర దర్బారు చేసిన హాల్లో కూర్చుని హిస్టరీ క్లాసు వినడం సరే, నన్ను పట్టి ఆపింది మాత్రం నవంబరు ఒకటో తేదీ మిఠాయి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజున రూమ్మేటు మిఠాయి పెడితే తినలేక, పారెయ్యలేక ట్రంకుపెట్టెలో దాచానని, చీమలు పట్టాయని రాశారు. తెలంగాణ పిల్ల మనసు ఆ రోజున ఎలా ఉందో చెప్పడానికి మీకు ఒక్క చీమల బారు సరిపోయింది. ఇలా రాయగలిగిన మనిషి ఆ చీటీ దగ్గరికి వచ్చేసరికి మూడు పేజీల్లో పదకొండుసార్లు "నా పాపం" అని రాశారు. లెక్కపెట్టాను. అక్కడ మీరు రాయడం ఆపి మొక్కడం మొదలుపెట్టారు.

ముందు ఒక చిన్న సంగతి. కోప్పడకండి. చీటీ దొరికిన రోజు పొద్దున వెయిటింగ్ రూంలో మీరు ఆరుగురూ సిటీ కాలేజీ దగ్గర జరిగిన కాల్పుల గురించే మాట్లాడుకుంటున్నారని రాశారు. ఆ కాల్పులు ముల్కీ గొడవలప్పటివి, ఇక్కడి ఉద్యోగాలు స్థానికులకే కావాలన్న గొడవలు, 1952 సెప్టెంబరు నాటివి. అప్పటికి మీరు ఇంకా హైస్కూల్లో ఉన్నారు. మీ అన్న "నాన్ ముల్కీ గో బ్యాక్" అని అరిచి గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చాడని మీరే ఇదే ఉత్తరంలో రాశారు కదా. 1956 మొదట్లో కాలేజీల్లో నడిచిన వాదన విశాలాంధ్ర, అంటే తెలంగాణను ఆంధ్రతో కలపడం, కావాలా వద్దా అని. అంటే, మూడేళ్లకు పైగా తేడా ఉన్న రెండు భయాలను మీ జ్ఞాపకం ఒకే గదిలో కూర్చోబెట్టింది. మీరు అబద్ధం రాశారని నేననడం లేదు. చీటీ పడింది, ఆమె చదువు ఆగింది, వీటిలో నాకు అనుమానం లేదు. ఆ చూపు ఉంది చూడండి, గుమ్మం దగ్గర మీ వైపు చూసిన చూపు, దాని అర్థం మీదే నా అనుమానమంతా. 'చెప్పవే, నాది కాదని చెప్పు' అని అడిగిన చూపుగా మీరు దాన్ని దాదాపు డెబ్బై ఏళ్లుగా మోస్తున్నారు. ఆ చీటీ మీదని ఆమెకు అసలు తెలుసా? బావిలో వేసిన మొదటి చీటీ సంగతి ఆమెకు చెప్పినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. భయపడ్డ పిల్ల గుమ్మంలో తెలిసిన ముఖం కనిపిస్తే చూస్తుంది, అంతే అయి ఉండొచ్చు. లేదా అన్నీ తెలిసి, మీ చదువు నిలబడాలని నోరు మూసుకుని ఉండొచ్చు. ఈ రెండింటికీ చాలా దూరం ఉంది. ఏది నిజమో చెప్పగల మనిషి జగిత్యాలలో ఉన్నారు.

మీరు నోరు విప్పి ఉంటే ఏమయ్యేది? "దాని చదువు నిలిచేది" అని మీరు గట్టిగా నమ్ముతున్నారు. నాకంత నమ్మకం లేదు. చీటీ ఎవరికి రాసిందైనా, పుస్తకం ఆమె కార్డు మీద ఉంది. ఇద్దరూ కూడబలుక్కున్నారని అనేవాళ్లు. ఒక కచ్చురానికి బదులు రెండు వచ్చేవి. అలా జరిగి తీరేదని చెప్పను, కానీ మీ లెక్కలో ఆ దారి అసలు లేదు. ఇంకోటి కూడా లేదు. రాసినవాడు! పద్దెనిమిది పేజీల్లో అతనికి మీరు ఇచ్చింది మూడు లైన్లు. అతన్ని ఎవరూ పిలవలేదు, అతని చదువు ఆగలేదు, మార్చిలో పరీక్ష రాశాడు. చీటీ చేతికి రాగానే చేతిరాతలు చూడకుండా రిజిస్టరు చూసిన పెద్దమనుషులున్నారు. ఒక్క మాట అడగకుండా బండి కట్టుకొచ్చిన తండ్రి ఉన్నాడు. వీళ్లందరినీ వదిలేసి పద్దెనిమిదేళ్ల పిల్లను ఒక్కదాన్ని బోనులో నిలబెట్టి, డెబ్బై ఏళ్ల నుంచి వాయిదాలు వేస్తున్నారు. మీ తప్పు లేదని చెప్పి ఓదార్చను. నేల చూశారు, అది మీదే. ఆ రోజు కాకపోయినా తర్వాత చెప్పే వీలు దొరికింది, చెప్పలేదు, అదీ మీదే. ఆ లగ్గం మాత్రం మీరు చెయ్యలేదు.

ఇక పుస్తకం. పేరు తీసేసి "ఒక స్నేహితురాలు" అని వేస్తే సరిపోతుందని మీ మనుమరాలు అంటోంది. ఆ అమ్మాయి తెలివైంది, కానీ హైదరాబాద్ లెక్క వేస్తోంది. హనుమకొండ, కరీంనగర్, జగిత్యాలల్లో ఈ లెక్క కుదరదు. క్లాసులో ఆరుగురే ఆడపిల్లలు. మీరు అదే పుస్తకంలో మొదటి ఏడు గ్రూపు ఫోటో వేస్తున్నారు, ముందు వరసలో కుర్చీల్లో ఆరుగురూ, కింద ఆరు పేర్లు. రెండో ఏడు ఫోటోలో ఐదుగురు. వేలు పెట్టి లెక్కపెట్టడం వచ్చిన ఎవరికైనా ఆ ఆరో మనిషి ఎవరో తెలిసిపోతుంది. రెండు వందల కాపీలు బంధువుల ఇళ్లకే వెళ్తాయి, మీ బంధువులకు వాళ్ల బంధువులు ఎక్కడో ఒకచోట వియ్యంకులై ఉంటారు.

మీ అబ్బాయి చెప్పినట్టు పేజీ తీసేస్తే? పుస్తకం అబద్ధమవుతుందని నేననుకోను. ఏ జ్ఞాపకాల పుస్తకంలోనూ అన్నీ ఉండవు, మీ పెళ్లి గురించి మీరు నాలుగు వాక్యాలే రాశారు, దాన్ని అబద్ధమనుకోవడం లేదు కదా. కానీ మీకు తెలుస్తుంది. పుట్టినరోజున శాలువా కప్పి, అందరూ మొదటి గ్రాడ్యుయేటని చప్పట్లు కొడుతుంటే మీ చూపు మళ్లీ నేల మీదికి పోతుందేమో. అది భరించగలరా లేదా అన్నది మీకే తెలియాలి. భరించగలనంటే తీసెయ్యండి, ఎవరికీ నష్టం లేదు. ఇందులో మీ అబ్బాయిని పిరికివాడని అనుకోకండి. వాళ్లమ్మ మీద ఎవరూ మాట అనకూడదన్నదే అతని బాధ.

మధ్యలో ఇంకో దారి ఉంది. చీటీ సంగతి మీ వైపు నుంచి మాత్రమే రాయడం. "నాకు వచ్చిన చీటీ గురించి నేను నోరు విప్పనందువల్ల ఇంకొకరు మాట పడ్డారు" అని, అంతవరకే. లైబ్రరీ కార్డు, కచ్చురం, జగిత్యాల ఏవీ వద్దు. రెండో ఏడు ఫోటో కూడా వద్దు. కథ బలం తగ్గుతుంది, మీ మనుమరాలు మూతి ముడుచుకుంటుంది. అయినా అందులో ఉన్న ప్రతి ముక్కా మీ సొంతం, ఎవరిదీ తీసుకోలేదు. పూర్తి అధ్యాయం నోటుబుక్కులో ఎలాగూ ఉంటుంది.

మొత్తంగా, పేర్లతో సహా వెయ్యాలంటే మాత్రం అది మీరు, మీ అబ్బాయి, మీ మనుమరాలు కలిసి తేల్చుకునే విషయం కాదు. ఆమె కోడలికి, మనుమలకు ఆమె ఏం చెప్పుకున్నారో మనకు తెలియదు. 'మా బాపు మంచి సంబంధం వచ్చిందని చదువు మాన్పించిండు' అని చెప్పుకుని ఉండొచ్చు. ఆ మాట మీద ఒక సంసారం, గౌరవం నిలబడి ఉంటాయి. మీరు ఎంత మంచి మనసుతో రాసినా ఆ ఇంట్లో చదివేవాళ్లకు ముందు కనబడేది 'ప్రేమలేఖ దొరికి కాలేజీ మాన్పించారట' అన్న ముక్కే. అది ఆమెది కాదన్న సంగతి తర్వాతి పేజీలో ఉంటుంది. తర్వాతి పేజీ దాకా ఎంతమంది చదువుతారో, టీచరుగా చేసిన మీకు నేను చెప్పాలా?

అందుకే నాకు అచ్చు కన్నా ముందు జగిత్యాల ప్రయాణం కనిపిస్తోంది. వెళ్లి తీరాలని అనను. దానిలోనూ చిక్కులున్నాయి. చెప్పేసుకుంటే మీ గుండె తేలికవుతుంది, సరే. విన్నాక ఆమె గుండె బరువెక్కితే? ఇన్నేళ్లూ ఎవరిమీదా కోపం లేకుండా బతికిన మనిషికి ఈ వయసులో కోపం తెచ్చిపెట్టి మీరు తిరిగి కారెక్కడం న్యాయమా? లేదా, ఆమె "ఏం చీటీ?" అనొచ్చు. అది మీకు అన్నిటికన్నా కష్టం కావచ్చు. పెళ్లిలో "టీచరమ్మవైనవటగదా" అన్నదాన్ని మీరు ఎత్తిపొడుపు అనుకున్నారు. నాకైతే అది సంతోషంగానే వినపడింది. మా అమ్మ ఏడో తరగతితో ఆగిపోయింది. తన బల్ల మీద కూర్చున్న అమ్మాయి నర్సయిందని ఊళ్లో ప్రతి పెళ్లిలో తనే చెప్పుకునేది, ఉద్యోగం తనకే వచ్చినట్టు.

వెళ్లాలనుకుంటే ఎలా అన్నది కూడా ఆలోచించాలి. ఫోను పనికిరాదు. వినపడని మనిషికి ఫోనులో చెప్పడమంటే ఆ ఇంటి పాలేరుకు కూడా వినబడేలా అరవడం. తెలుగులో ఉత్తరం రాస్తే కళ్లద్దాలు దొరకలేదని కోడలి చేతికిచ్చి చదవమంటారు. ఎదురుగా కూర్చుని చెప్పినా అదే తంటా, గొంతు పెంచాలి, హాల్లో మనుమలుంటారు, చాయ తెచ్చే కోడలు ఉంటుంది.

కానీ మీ ఇద్దరికీ ఉర్దూ ఉంది. మాట్లాడితే టీవీ హిందీ పుణ్యాన పిల్లలకు సగం అర్థమవుతుంది. రాతలో మాత్రం, ఆ ఇంట్లో ఆ లిపి వచ్చినవాళ్లు బహుశా ఆమె ఒక్కరే. ఐదో తరగతి దాకా ఇద్దరూ ఒకే పలక మీద దిద్దిన అక్షరాలు, మీకు పాల లెక్కకు ఇంకా పనికొస్తున్న భాష. పెద్ద అక్షరాల్లో ఒక కాయితం ముక్క రాసుకుని వెళ్లండి. పుట్టినరోజుకు పిలవడానికొచ్చానని చెప్పండి, అది అబద్ధం కూడా కాదు. గ్రూపు ఫోటో తీసుకెళ్లండి. ముందు ఫోటో చూపించి, ఆరుగురిలో ఎవరెవరు ఉన్నారో, ఎవరు పోయారో మాట్లాడుకోండి. ఆ మాటలకే గంట పడుతుంది. ఆ గంటలో ఆమె తనంతట తాను కాలేజీ దగ్గరికి వస్తే కాయితం తియ్యండి. పచ్చళ్ల దగ్గరికి, మోకాళ్ల నొప్పుల దగ్గరికి వెళ్లిపోతుంటే మీరూ అటే వెళ్లండి, కాయితం సంచిలోనే ఉంచి వచ్చేయండి. అప్పుడు పుస్తకంలో మధ్య దారి మిగులుతుంది.

ఒకవేళ అంతా మాట్లాడుకుని, "రాసుకోవే, ఇంక నాకేం భయం" అని ఆమె అంటే, ఆ మాట కూడా వెంటనే పట్టుకోకండి. మీ ముందు అన్నది కొడుకుతో మాట్లాడాక మారవచ్చు. ప్రెస్సుకు ఇచ్చేముందు ఆ అధ్యాయం ఆమెకు చూపించి రమ్మని మీ మనుమరాలిని పంపండి. పుట్టినరోజుకు అందకపోతే అందకపోనీ. నోటుబుక్కులు ఆరు ఉన్నాయి, ఆ అధ్యాయం ఉన్నది ఆపి మిగతా ఐదూ ఇప్పుడు వేసుకోవచ్చు.

ఇక ఆ కాయితం మీద ఏం రాయాలని అడుగుతారు. క్షమాపణ వద్దు, మొదటి లైనులోనే వద్దు. మీ ఉత్తరంలో క్యాలికో అట్ట రంగు ఉంది, పేజీల మధ్య వేపాకు ఉందని ఉంది, అటెండరు ఎడమచేతి వాటం అని కూడా ఉంది. పుస్తకం పేరు మాత్రం ఎక్కడా లేదు. మీకు గుర్తు లేదో, రాయబుద్ధి కాలేదో. కార్డు ఆమెది, జరిమానా పడితే కట్టాల్సింది ఆమె. ఆ ఎర్ర అట్ట పుస్తకం పేరేమిటో నీకు గుర్తుందా అని, ఆ ఒక్క ముక్క రాసుకుని వెళ్లండి.